కొత్త యూజర్లకి మీటింగ్ అకౌంట్ ఇన్విటేషన్ మెయిల్స్ పంపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసైనా, ఆన్‌లైన్ క్లాసులైనా, ఏదైనా సంఘమైనా మీటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అకౌంట్లు ఇచ్చే పని ఎవరో ఒకరి మీద పడుతుంది. అది మీ మీద పడితే ఈ పేజీ మీకోసమే. నేను ఈ పని చేస్తున్నప్పుడు జనం మళ్ళీ మళ్ళీ అడిగినవే ఇక్కడ రాశాను, కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్ని మాత్రం ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే ఇన్విటేషన్ బటన్ నొక్కడానికి ఒక్క సెకను చాలు గానీ ఆ మెయిల్ అవతలి మనిషి కంట్లో పడి, ఆయన నమ్మి, క్లిక్ చేసి లోపలికి వచ్చేదాకా మధ్యలో బోలెడు చోట్ల ఆగిపోవచ్చు.

మీటింగ్ లింక్ పంపడం, అకౌంట్ ఇన్విటేషన్ పంపడం రెండూ ఒకటేనా?

కాదండి, గందరగోళం సగం ఇక్కడే మొదలవుతుంది. మీటింగ్ లింక్ అంటే ఫలానా రోజు ఫలానా టైముకి జరిగే ఆ ఒక్క మీటింగ్‌లోకి రావడానికి. అకౌంట్ ఇన్విటేషన్ అంటే మీ సంస్థ కింద ఆ మనిషికి ఒక యూజర్‌ని తయారుచేసి, "వచ్చి పాస్‌వర్డ్ పెట్టుకుని యాక్టివేట్ చేసుకోండి" అని చెప్పే మెయిల్. చాలామంది అకౌంట్ ఇన్విటేషన్ చూసి "ఇంకా మీటింగ్ టైం కాలేదుగా, అప్పుడు క్లిక్ చేద్దాంలే" అని వదిలేస్తారు, తీరా అప్పటికి లింక్ చచ్చిపోయి ఉంటుంది. అందుకే ముందే చెప్పండి, ఇది మీటింగ్‌కి పిలుపు కాదు, అకౌంట్ తెరుచుకోడానికి, ఈరోజే చేసేయండి అని.

అందరికీ అకౌంట్ ఇవ్వాల్సిందేనా?

అక్కర్లేదు. వచ్చి విని వెళ్ళిపోయేవాళ్ళకి చాలా సాఫ్ట్‌వేర్లలో గెస్ట్‌గా రావడానికి లింక్ ఉంటే సరిపోతుంది. మీటింగ్ మొదలుపెట్టేవాళ్ళు, రికార్డింగ్ చేసేవాళ్ళు, సొంతంగా షెడ్యూల్ పెట్టుకునేవాళ్ళు, వీళ్ళకే అకౌంట్ కావాలి. జిట్సీ అనే ఉచిత మీటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోండి, వాళ్ళ పబ్లిక్ సర్వర్‌లో 2023 ఆగస్టు నుంచి రూమ్ తెరిచేవాళ్ళు లాగిన్ అవ్వాలని పెట్టారు, కానీ చేరేవాళ్ళకి ఆ అవసరం లేదు. ముందు మీ లిస్ట్ చూసి నిజంగా ఎవరికి కావాలో తేల్చుకుంటే పంపాల్సిన మెయిల్స్ బాగా తగ్గిపోతాయి.

పంపే ముందు ఏం రెడీ చేసుకోవాలి?

పేరు, మెయిల్ ఐడీ, రోల్ (అంటే అకౌంట్‌లో వాళ్ళు అడ్మినా, మామూలు సభ్యులా అన్నది), ఈ మూడూ ఉన్న లిస్ట్. మెయిల్ ఐడీలు ఎవరో ఫోన్‌లో చెప్తే టైప్ చేసినవి అస్సలు నమ్మకండి, వాళ్ళనే మీకు ఒక మెయిల్ కొట్టమనండి, అక్కడినుంచి కాపీ చేసుకోండి. జీమెయిల్ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం అటూ ఇటూ అయినా, ఐడీ చివర ఒక స్పేస్ మిగిలిపోయినా, చివర డాట్ కామ్ బదులు డాట్ కాన్ అని పడినా అంతే సంగతులు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. జీమెయిల్ అడ్రస్‌లో చుక్కలు ఉన్నా లేకపోయినా జీమెయిల్ వాళ్ళు ఒకే అడ్రస్ కింద లెక్కేస్తారు, అంటే చుక్క పెట్టి పంపినా పెట్టకుండా పంపినా అదే ఇన్‌బాక్స్‌కి వెళ్తుంది. కానీ మీటింగ్ సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు ఐడీలు అవ్వొచ్చు. మీరు చుక్కతో ఇన్వైట్ చేశారు, ఆయన చుక్క లేకుండా లాగిన్ అవ్వబోయారు, "అలాంటి యూజర్ లేరు" అని వస్తుంది, ఆయనేమో మెయిల్ నాకే వచ్చిందిగా అంటారు, ఇద్దరూ కరెక్టే! కాబట్టి వాళ్ళు రోజూ ఎలా టైప్ చేస్తారో అలాగే ఎక్కించండి.

ఎక్సెల్ నుంచి లిస్ట్ ఎక్కిస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా, పిచ్చి గుర్తులుగా వచ్చాయి, ఎందుకు?

సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ (లిస్ట్‌ని ఉత్త అక్షరాల ఫైల్‌గా దాచే పద్ధతి) అని ఎంచుకుని ఉంటారు. అక్కడే కింద సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, తెలుగు అక్షరాలు చెడకుండా దాచేది అదే, అది ఎంచుకుని మళ్ళీ సేవ్ చేయండి. గూగుల్ షీట్స్ నుంచి డౌన్‌లోడ్ చేస్తే ఈ బాధ ఉండదు, అది యూటీఎఫ్-8లోనే ఇస్తుంది. ముందు ఇద్దరు ముగ్గురి పేర్లతో చిన్న ఫైల్ చేసి ఎక్కించి చూడండి, బాగుంటే అప్పుడు మిగతావాళ్ళని ఎక్కించండి. పేరు తప్పుగా ఉన్న ఇన్విటేషన్ వెళ్తే ఆ మనిషికి మొదటి చూపులోనే ఇదేదో దొంగ మెయిల్ అనిపిస్తుంది, అది మనం చేజేతులా తెచ్చుకున్న నష్టం.

పంపాను, పంపినట్టు చూపిస్తోంది కూడా, వాళ్ళేమో రాలేదంటున్నారు. ఏం చేయాలి?

అన్నిటికంటే ఎక్కువ అడిగేది ఇదే, కాబట్టి వరసగా చెప్తాను.

మొదట ఐడీ చూడండి, అక్షరం అక్షరం. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి అన్నది నా అనుభవం.

తర్వాత స్పామ్ ఫోల్డర్. "చూశానండి లేదు" అంటారు, అయినా వాళ్ళు ఫోన్‌లో చూశారో కంప్యూటర్‌లో చూశారో అడగండి, కొంతమంది ఫోన్‌లో రెండు మూడు అకౌంట్లు పెట్టుకుని వేరే ఇన్‌బాక్స్‌లో వెతుకుతుంటారు. జీమెయిల్ వాడేవాళ్ళకి ప్రమోషన్స్, అప్‌డేట్స్ అని ట్యాబులు ఉంటాయి కదా, అక్కడ కూడా పడుతుంది. కంప్యూటర్‌లో సెర్చ్ ఆప్షన్స్ తెరిచి స్పామ్, ట్రాష్‌తో సహా అంతా వెతకమనండి, సాఫ్ట్‌వేర్ పేరు కొడితే చాలు. జీమెయిల్‌లో స్పామ్‌లో పడ్డవి 30 రోజులకి వాటంతటవే డిలీట్ అయిపోతాయి, ఎప్పుడో పంపింది ఇప్పుడు వెతికితే దొరకదు.

అక్కడా లేకపోతే వాళ్ళ మెయిల్‌బాక్స్ నిండిపోయిందేమో అడగండి. ఫ్రీ గూగుల్ అకౌంట్‌కి 15 జీబీ ఇస్తారు, అది మెయిల్‌కి ఒక్కదానికే కాదు, డ్రైవ్‌కి ఫోటోలకి కలిపి. ఫోన్‌లో ఫోటోలు వీడియోలు బ్యాకప్ అయి అయి ఆ చోటు నిండిపోతే కొత్త మెయిల్స్ వెనక్కి తిరిగి వెళ్ళిపోతాయి, ఆ మనిషికి మాత్రం తెలీదు, ఈమధ్య మెయిల్స్ రావట్లేదేంటి అనుకుంటూ ఉంటారు.

ఆఫీస్ మెయిల్ అయితే కథ వేరు. అక్కడ స్పామ్ ఫోల్డర్ దాకా కూడా రాకుండా ముందే క్వారంటైన్‌లో, అంటే అనుమానం ఉన్న మెయిల్స్‌ని విడిగా పెట్టే చోట, ఆపేస్తారు, అది యూజర్‌కి కనపడకపోవచ్చు, వాళ్ళ ఐటీ వాళ్ళే తీసి వదలాలి. ఐటీ వాళ్ళకి ఏ అడ్రస్ నుంచి, ఏ రోజు, ఎన్ని గంటలకి పంపామో చెప్తే లాగ్‌లో, అంటే సర్వర్ రాసిపెట్టుకునే చిట్టాలో, చూసి నిమిషాల్లో చెప్పేస్తారు, ఊరికే "మెయిల్ రాలేదు" అంటే వాళ్ళు మాత్రం ఏం వెతుకుతారు పాపం.

చివరిది, కాస్త ఆగండి. కొన్ని సర్వర్లు తెలియని చోటునుంచి వచ్చిన మెయిల్‌ని మొదటిసారి కావాలనే "తర్వాత రా" అని తిప్పి పంపుతాయి, దీన్ని గ్రేలిస్టింగ్ అంటారు. పంపిన సర్వర్ కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తే అప్పుడు తీసుకుంటాయి. పంపిన ఐదు నిమిషాలకే కంగారుపడి నాలుగుసార్లు రీసెండ్ కొట్టొద్దు, ఎందుకో కింద చెప్తాను.

రీసెండ్ ఎన్నిసార్లు కొట్టొచ్చు?

రోజుకి ఒకసారి చాలు. చాలా సాఫ్ట్‌వేర్లలో కొత్త ఇన్విటేషన్ వెళ్ళగానే పాత లింక్ పనిచేయడం మానేస్తుంది. మీరు నాలుగుసార్లు కొడితే ఆయన ఇన్‌బాక్స్‌లో నాలుగు మెయిల్స్ ఉంటాయి, ఆయన పైకి కనపడింది ఏదో నొక్కుతారు, అది పాతదైతే ఎర్రర్. రీసెండ్ చేసినప్పుడల్లా "చివరగా వచ్చిన మెయిల్‌లో లింకే నొక్కండి, మిగతావి డిలీట్ చేయండి" అని విడిగా చెప్పాలి.

లింక్ ఎన్నాళ్ళు పనిచేస్తుంది?

సాఫ్ట్‌వేర్‌ని బట్టి. జూమ్‌లో 30 రోజులు, అప్పటిదాకా ఆ మనిషి యూజర్స్ పేజీలో పెండింగ్ ట్యాబ్‌లో కనిపిస్తారు, అక్కడినుంచే మళ్ళీ పంపొచ్చు. సొంత సర్వర్ మీద నడిపేవాటిలో ఒకటి రెండు రోజులే పెట్టి ఉంచడం కూడా చూశాను. నేను ఒకసారి శుక్రవారం సాయంత్రం ఇళ్ళకి వెళ్ళేముందు ఒక బ్యాచ్ మొత్తానికి పంపేశాను, లింక్ గడువు 48 గంటలని చూసుకోలేదు, సోమవారం పొద్దున అందరూ ఆఫీసుకొచ్చి క్లిక్ చేస్తే ఒక్కరికీ తెరుచుకోలేదు, ఆరోజు శిక్షణ క్లాసు మధ్యాహ్నానికి జరపాల్సి వచ్చింది. అప్పటినుంచి వారం మొదట్లో పొద్దున పూటే పంపుతున్నా, గడువు ఎంతుందో సెట్టింగ్స్‌లో చూశాకే పంపుతున్నా.

"నేను ఒక్కసారి కూడా క్లిక్ చేయలేదు, కానీ ఈ లింక్ ఇప్పటికే వాడేశారు అని వస్తోంది" అంటున్నారు. అబద్ధమా?

అబద్ధం కాదు, దయచేసి వాళ్ళని అనుమానించకండి. కొన్ని సంస్థల్లో మెయిల్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, మెయిల్ మనిషికి చేరేముందే అందులో ఉన్న లింకులన్నీ తానే తెరిచి ప్రమాదం ఉందా లేదా చూస్తుంది. ఇన్విటేషన్ లింక్ ఒక్కసారే పనిచేసేదైతే ఆ ఒక్క ఛాన్సూ ఆ స్కానర్ వాడేసుకుంటుంది. నాకు ఒక పెద్ద సంస్థ ఉద్యోగులకి అకౌంట్లు ఇచ్చేటప్పుడు ఇది తగిలింది, రెండు రోజులు తల పట్టుకున్నాక లాగ్‌లో చూస్తే మెయిల్ వెళ్ళిన సెకన్లలోనే లింక్ తెరిచినట్టు ఉంది, ఏ మనిషీ అంత వేగంగా తెరవలేడు కదా.

దారి ఏంటంటే వాళ్ళ ఐటీ వాళ్ళతో మాట్లాడి ఇన్విటేషన్ లింక్ వెళ్ళే డొమైన్‌ని (లింక్‌లో కనపడే వెబ్‌సైట్ పేరుని) స్కాన్ నుంచి మినహాయించమనాలి. అలా కుదరకపోతే లింక్ తెరవగానే యాక్టివేట్ అయిపోకుండా, లోపల "యాక్టివేట్" అనే బటన్ నొక్కితేనే అయ్యేలా ఉన్న సాఫ్ట్‌వేర్ మంచిది, స్కానర్లు మామూలుగా బటన్ దాకా వెళ్ళవు. అదీ లేదంటే ఆ మనిషిని లాగిన్ పేజీకి వెళ్ళి "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కమనండి, అకౌంట్ ఇప్పటికే యాక్టివ్ అయి ఉంటే అలా లోపలికి వచ్చేయొచ్చు.

ఇది ఫిషింగ్ మెయిల్ అనుకుని డిలీట్ చేసేశారట, వాళ్ళని ఎలా నమ్మించాలి?

డిలీట్ చేసినవాళ్ళు మంచి పనే చేశారు, నిజంగా. 2020లో అందరూ ఇంట్లోంచి పని మొదలుపెట్టినప్పుడు మీటింగ్ ఇన్విటేషన్ల వేషంలో దొంగ మెయిల్స్ బాగా తిరిగాయి, అప్పటినుంచి జనానికి భయం ఉంది, ఉండాలి కూడా. తెలియని అడ్రస్ నుంచి, ఇంగ్లీషులో, "వెంటనే యాక్టివేట్ చేయండి" అని పెద్ద నీలం బటన్‌తో వచ్చే మెయిల్‌ని నమ్మమని మనం ఎలా అంటాం చెప్పండి.

అందుకని మెయిల్ కంటే ముందు మన మాట వెళ్ళాలి. వాళ్ళకి అలవాటైన చోట, అది వాట్సాప్ గ్రూప్ కానీ ఫోన్ కానీ, ముందురోజు చెప్పేయండి: రేపు పొద్దున 10 తర్వాత మీకు ఒక మెయిల్ వస్తుంది, ఫలానా అడ్రస్ నుంచి వస్తుంది, సబ్జెక్ట్ ఇలా ఉంటుంది, లోపల లింక్ ఫలానా డొమైన్‌కి వెళ్తుంది, అది కాకుండా ఇంకేదైనా ఉంటే ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయండి. ఇంతే. ఈ ఒక్క మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాక నాకు ఫోన్లు బాగా తగ్గిపోయాయి. ఆ అడ్రస్ మీరు ఊహించి రాయకండి, ముందు మీకే ఒక టెస్ట్ ఇన్విటేషన్ పంపుకుని అందులో ఉన్నది చూసి రాయండి.

మెయిల్‌లో ఏం రాయాలి?

సాఫ్ట్‌వేర్ మార్చనిస్తే తెలుగులో, తక్కువలో రాయండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"నమస్కారం అండి. మన సంస్థ మీటింగుల కోసం మీ పేరున అకౌంట్ తెరిచాం. కింద బటన్ నొక్కి పాస్‌వర్డ్ పెట్టుకోండి, రెండు నిమిషాల పని. ఈ లింక్ శుక్రవారం సాయంత్రం దాకా పనిచేస్తుంది. డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఏదైనా ఇబ్బంది ఉంటే నాకు ఫోన్ చేయండి." కింద మీ పేరు, మీ నంబర్.

డబ్బులు కట్టక్కర్లేదు అన్న ముక్క చిన్నదే కానీ వదలకండి, చాలామంది అడగడానికి మొహమాటపడి ఆగిపోయేది దానికే. గడువు కూడా "48 గంటల్లో" అనే బదులు రోజు, పూట రాయండి. మరీ పెద్ద అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, అటాచ్‌మెంట్లు వద్దు. లింకులు కురచ చేసే సర్వీసులు అస్సలు వద్దు, ఎక్కడికి వెళ్తుందో కనపడని లింక్‌ని ఫిల్టర్లూ నమ్మవు, మనుషులూ నమ్మరు.

పాస్‌వర్డ్ కూడా మనమే పెట్టి మెయిల్‌లో పంపేస్తే సులువు కదా?

వద్దు. మెయిల్ ఫార్వర్డ్ అవుతుంది, ప్రింట్ తీస్తారు, ఏళ్ళతరబడి ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది. వాళ్ళ పాస్‌వర్డ్ వాళ్ళే పెట్టుకోవాలి, మనకి తెలియకపోవడమే మనకీ క్షేమం.

ఆయనకి ఆ మెయిల్ ఐడీతో ఇప్పటికే సొంత అకౌంట్ ఉంది, ఇప్పుడేమవుతుంది?

జూమ్ లాంటివాటిలో కొత్తది తయారవ్వదు, ఉన్న అకౌంట్‌నే మీ సంస్థ కిందకి తీసుకురావడానికి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే ఆ అకౌంట్ మీ అడ్మిన్ చేతి కిందకి వచ్చేస్తుంది, సెట్టింగ్స్ మీరు మార్చగలరు. వాళ్ళు దాన్ని ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకోడానికో, వేరే పనికో వాడుకుంటుంటే ఇది వాళ్ళకి ముందే తెలియాలి, చెప్పకుండా ఒప్పించడం తప్పు. అలాంటప్పుడు ఆఫీస్ ఐడీకి పంపడమే మేలు.

ఇంట్లో ఇద్దరికీ ఒకటే మెయిల్ ఐడీ ఉంది, ఇద్దరికీ అకౌంట్ ఇవ్వగలమా?

ఒక ఐడీకి ఒకటే అకౌంట్. రెండోవాళ్ళకి ఇంకో ఐడీ తెరవాల్సిందే. జీమెయిల్‌లో పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా రాస్తే అదే ఇన్‌బాక్స్‌కి వస్తుంది కానీ కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ గుర్తుని ఒప్పుకోవు, పైగా లాగిన్ అప్పుడు అది గుర్తుపెట్టుకోవడం కష్టం, టెస్టింగ్‌కి తప్ప వద్దు.

మాది సొంత సర్వర్, ఇన్విటేషన్ మెయిల్స్ అసలు బయటికే వెళ్ళట్లేదు

బిగ్‌బ్లూబటన్ (సొంత సర్వర్ మీద నడుపుకునే మీటింగ్ సాఫ్ట్‌వేర్) మీద గ్రీన్‌లైట్ (దానికి యూజర్లు, లాగిన్ చూసే వెబ్ పేజీ) లాంటిది పెట్టుకున్నవాళ్ళు అడిగేది ఇది. ఎస్ఎంటీపీ, అంటే మెయిల్ బయటికి పంపే సర్వర్, వివరాలు ఇవ్వకపోతే అది మెయిల్ పంపలేదు, ముందు అది నింపారా చూడండి. ఆ వివరాల్లో పోర్ట్ (సర్వర్‌తో కనెక్ట్ అయ్యే ద్వారం నంబర్) 587 గానీ 465 గానీ వాడండి. 587లో కనెక్షన్ మామూలుగా మొదలై తర్వాత ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది, 465లో మొదటినుంచే ఎన్‌క్రిప్షన్, కాబట్టి పోర్ట్ ఒకటి పెట్టి టీఎల్‌ఎస్ (ఆ ఎన్‌క్రిప్షన్) సెట్టింగ్ ఇంకోదానిది పెడితే అలా తిరుగుతూ టైమౌట్ అవుతుంది. 25 జోలికి వెళ్ళకండి, అది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది, గూగుల్ క్లౌడ్ లాంటి చోట్ల అది బయటికి వెళ్ళకుండా ఆపేసి ఉంటుంది.

జీమెయిల్ ద్వారా పంపుతుంటే మీ మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ (ఇలాంటి సాఫ్ట్‌వేర్ కోసం గూగుల్ విడిగా ఇచ్చేది) తీసుకోవాలి.

వెళ్తున్నాయి కానీ అందరికీ స్పామ్‌లోనే పడుతున్నాయి

అయితే మీ డొమైన్ డీఎన్ఎస్‌లో (డొమైన్ వివరాలు అందరూ వెతికి చూసే జాబితాలో) మూడు రికార్డులు చూడాలి. ఎస్‌పీఎఫ్ అంటే మీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకి ఉందో చెప్పే జాబితా. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీద పడే డిజిటల్ సంతకం, దారిలో ఎవరూ మార్చలేదని చూపించడానికి. డీమార్క్ అంటే ఆ రెండూ ఫెయిలైతే అవతలివాళ్ళు ఏం చేయాలో మీరు చెప్పే మాట, ఏమీ చేయొద్దు, పక్కన పెట్టు, తిప్పి పంపు, ఈ మూడిట్లో ఒకటి.

ఎక్కువగా చేసే తప్పు ఎస్‌పీఎఫ్‌లో. కొత్త మెయిల్ సర్వీస్ తీసుకున్నప్పుడల్లా ఇంకో ఎస్‌పీఎఫ్ రికార్డు చేరుస్తారు, అలా రెండు ఉంటే రెండూ చెల్లవు! ఒకే రికార్డులో అన్నీ కలిపి రాయాలి, అందులోనూ డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకి 5000 పైన జీమెయిల్ ఐడీలకి పంపేవాళ్ళకి ఈ మూడూ తప్పనిసరి చేశారు, స్పామ్ అని నొక్కేవాళ్ళు 0.3 శాతానికి చేరకూడదని కూడా పెట్టారు. మీరు పంపేది యాభై మెయిల్సే అయినా మూడూ పెట్టుకోండి, ఒక పూట పని.

ఒకేసారి వందలమందికి పంపొచ్చా?

మీటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్ల నుంచి వెళ్ళేదైతే మీకు దిగుల్లేదు. మీ సొంత జీమెయిల్ నుంచి అయితే ఫ్రీ అకౌంట్‌కి రోజుకి సుమారు 500, వర్క్‌స్పేస్‌కి (గూగుల్ సంస్థలకి డబ్బు తీసుకుని ఇచ్చే అకౌంట్‌కి) 2000 దాకా పరిమితి ఉంది, దాటితే ఆరోజుకి పంపడం ఆపేస్తారు. పరిమితి సంగతి పక్కన పెట్టినా ముక్కలు ముక్కలుగా పంపడమే నాకిష్టం. ముందు ఐదుగురికి, అందులో ఒకరు ఆఫీస్ మెయిల్, ఒకరు జీమెయిల్, ఒకరు కంప్యూటర్ అంతగా అలవాటు లేనివాళ్ళు ఉండేలా. ఆ ఐదుగురూ లోపలికి వచ్చాక మిగతావాళ్ళకి. అందరికీ ఒకేసారి పంపేసి, అందరూ ఒకేసారి ఫోన్ చేస్తే ఎవరికీ సరిగ్గా సాయం చేయలేం.

వెనక్కి వచ్చిన మెయిల్‌లో ఏవో నంబర్లు ఉన్నాయి, అర్థం కావట్లేదు

మొదటి అంకె చూడండి. 4తో మొదలైతే తాత్కాలికం, సర్వరే మళ్ళీ ప్రయత్నిస్తుంది. 5 అయితే ఇక వెళ్ళదు. 5.1.1 అంటే ఆ అడ్రసే లేదు, 5.2.2 అంటే మెయిల్‌బాక్స్ నిండింది, 5.7.1 అంటే వాళ్ళ రూల్స్ ఒప్పుకోలేదు. ఈ చివరిది వస్తే పైన చెప్పిన రికార్డులు చూసుకోండి, లేదా వాళ్ళ ఐటీతో మాట్లాడండి.

తప్పు మనిషికి వెళ్ళిపోయింది, వెనక్కి తీసుకోవచ్చా?

మెయిల్‌ని తీసుకోలేం కానీ ఇన్విటేషన్‌ని తీసుకోవచ్చు. పెండింగ్ లిస్ట్‌లోంచి ఆ యూజర్‌ని డిలీట్ చేయండి, లింక్ పనికిరాకుండా పోతుంది, చేశాక ఆ లింక్ మీరే ఒకసారి నొక్కి చూడండి. అప్పటికే యాక్టివేట్ చేసేసి ఉంటే వెంటనే అకౌంట్ ఆపి, ఈలోపు ఏ రికార్డింగులు చూసే వీలుందో చెక్ చేయండి.

ఈ ఇన్విటేషన్ల గొడవే లేకుండా చేయలేమా?

మీ సంస్థలో అందరికీ ఇప్పటికే ఒకే చోట లాగిన్ ఉంటే చేయొచ్చు. సింగిల్ సైన్ ఆన్ (ఒకే లాగిన్‌తో అన్నిట్లోకి వెళ్ళే ఏర్పాటు) పెడితే వాళ్ళు ఆఫీస్ ఐడీతో మొదటిసారి లాగిన్ అవ్వగానే అకౌంట్ దానంతటదే తయారవుతుంది, ఉద్యోగం మానేసినవాళ్ళ లాగిన్ కూడా అక్కడే ఆగిపోతుంది. కానీ బయటివాళ్ళు, వాలంటీర్లు, తలో మెయిల్ వాడేవాళ్ళు ఉన్న చోట ఇది కుదరదు, అక్కడ ఇన్విటేషనే దిక్కు.

యాక్టివేట్ అయినట్టు చూపిస్తోంది, ఇంక మన పని అయిపోయినట్టేనా?

నేనైతే ఇంకో పది నిమిషాలు పెట్టుకుంటాను. అందరినీ ఒక టెస్ట్ కాల్‌కి రమ్మని మైక్, కెమెరా పర్మిషన్లు ఇప్పించి, పేరు సరిగ్గా కనపడుతుందో చూస్తాను. పెండింగ్‌లో మిగిలిపోయినవాళ్ళకి మళ్ళీ మెయిల్ కొట్టను, ఫోన్ చేస్తాను, రెండు మెయిల్స్‌కి పలకనివాళ్ళు మూడోదానికీ పలకరు. టెస్ట్ కాల్‌లోనే ఒక్కొక్కరి ప్రొఫైల్‌లో టైమ్ జోన్ చూడమనండి, ఎక్కువమంది దాన్ని తాకనే తాకరు, అది వేరే దేశానిది ఉంటే వాళ్ళు పెట్టిన మొదటి మీటింగ్‌కే అందరికీ తప్పు టైముతో పిలుపులు వెళ్తాయి.